మూడో చెరువు మీద కొంగ

పెళ్ళయిన యాభై మూడో రోజున మాధవి బందరు నుంచి నాగాయలంక వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో ఉన్న అట్టపెట్టెను రెండు చేతులతో పొదివి పట్టుకుంది. చల్లపల్లి దాకా ఆ పెట్టెనే చూస్తూ వచ్చిన పక్క సీటు పెద్దావిడ ఇక ఉండబట్టలేక, ఎన్ని కిలోల లడ్డూలని అడిగింది. కొత్త కోడలు బందరులో పెట్టె పట్టుకుని బస్సెక్కితే అందులో లడ్డూలు కాక మరేముంటాయని ఆవిడ నమ్మకం. మాధవి నవ్వాపుకుంటూ మూత కాస్త తెరిచి చూపించింది. తువ్వాలు మడత మీద అరచేతికి రెండింతలున్న ఆకుపచ్చ బోర్డు, దాని మీద చీమల బారుల్లాంటి రాగి గీతలు, నల్లటి చిప్పులు. పెద్దావిడ చాలాసేపు చూసి, తినేది కాదన్నమాట అని నిట్టూర్చి మొహం తిప్పుకుంది.

ఆ బోర్డును గీసింది మాధవి భర్త శ్రీహరి. నాలుగేళ్ళు హైదరాబాదులో ఒక కంపెనీలో బోర్డులు గీసి, అక్కడి ఉద్యోగం మానేసి బందరు వచ్చి, కోనేరు సెంటరు దగ్గర దుకాణం పెట్టుకున్నాడు. టీవీలు, మోటారు స్టార్టర్లు బాగుచేస్తూ మిగిలిన వేళల్లో తనకు నచ్చినవి తయారుచేసుకుంటాడు. మాధవిది గుడివాడ. ఎలక్ట్రానిక్స్ చదివింది. పెళ్ళిచూపుల్లో పాట పాడమంటారేమోనని భయపడుతూ కూర్చుంటే, ప్రోగ్రాములు రాయడం వచ్చా అని అడిగాడు. వచ్చంటే ఎంత సంతోషపడ్డాడో, ఇంక ఏమీ అడగలేదు. ఈ బోర్డు మూలన రాగితో 'మా' అని చిన్న అక్షరం చెక్కించాడు. అది బోర్డుకు ఏ పనీ చెయ్యదు. పని లేని రాగి పెట్టకూడదని చెప్పే మనిషే పెట్టాడని మాధవి దాన్ని రోజుకోసారైనా వేలితో తడిమి చూసుకునేది.

బోర్డు కావాలని అడిగింది మాణిక్యమ్మ. శ్రీహరి తల్లికి వేలువిడిచిన చెల్లెలు. నాగాయలంక అవతల నాలుగు రొయ్యల చెరువులున్నాయి ఆవిడకు. భర్త పోయి తొమ్మిదేళ్ళయినా చెరువులు ఎవరికీ ఇవ్వకుండా తనే చేయించుకుంటోంది. పొద్దునా సాయంత్రమూ గట్లన్నీ తిరిగి, నీటి రంగు చూసి, వాసన చూసి, మేత ఎంత వెయ్యాలో చెప్పేది. కిందటి కార్తీకంలో మోకాళ్ళు రెండూ మొరాయించాయి. గట్టెక్కితే ఇక మంచమే అన్నాడు డాక్టరు. ఈ మాట కృత్తివెన్ను దాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి సత్తిబాబు అనే రైతు రెండుసార్లు వచ్చి చెరువులు కౌలుకు అడిగాడు. మంచివాడే. మర్యాదగానే అడిగాడు.

మాణిక్యమ్మ శ్రీహరిని పిలిపించి ఒక్కటే చెప్పింది. ఈ పంట మంచం మీద కూర్చుని చూసుకోగలిగితే చెరువులు తనవి. లేకపోతే సత్తిబాబువి.

చెరువుల దగ్గర కెమెరాలు పెట్టి టీవీలో చూపించే పెట్టె బజారులో కొనుక్కోవచ్చు. కాని సముద్రం పక్క ఉప్పుగాలికి అవి ఎన్నాళ్ళు నిలుస్తాయో తెలియదు. పైగా ఆవిడకు రెండు తెరలు కావాలి. తన మంచం ఎదురుగా ఒకటి, అవతలి గట్టు మీద కాపలాదారు భూషణం పాకలో ఒకటి. అందుకని శ్రీహరి సొంతంగా బోర్డు గీశాడు. నాలుగు కెమెరాలకు నాలుగు దారులు, రెండు టీవీలకు రెండు దారులు, మధ్యలో అంతా నడిపించే ప్రాసెసరు. దాని బుర్రలో ఉండే ప్రోగ్రాం మాధవి రాసింది.

బిగించిన రోజున అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. బొమ్మలను లోపలికి తీసుకునే చిప్పుకు నోళ్ళు నాలుగున్నా గొంతు ఒకటే. ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు తిరిగినప్పుడల్లా బొమ్మ కుదురుకోవడానికి కాస్త సమయం పడుతుంది. ఆ కాస్తసేపు, నాలుగు గళ్ళుగా ఉన్న తెర మీద ఆ చెరువు గడి నల్లబడుతుంది. మాణిక్యమ్మ టీవీ ముందు కొబ్బరికాయ కొట్టించి, కర్పూరం వెలిగించి, మంచం మీంచే హారతి తిప్పుతోంది. సరిగ్గా అప్పుడు మొదటి గడి నల్లబడింది. వెంటనే రెండోది. ఆవిడ చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"దీపం కొండెక్కినట్టుందేమిట్రా," అంది చిన్నగా.

శ్రీహరి చిప్పు గొంతు గురించి చెప్పబోయాడు. ఆవిడ వినలేదు. హారతి పళ్ళెం కింద పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. ఆ రోజంతా టీవీ వైపు అయిష్టంగానే చూసింది.

ప్రోగ్రాం ఉండే చిన్న చిప్పును ఊడదీసి, శ్రీహరి కొనిచ్చిన చాక్లెట్టు రేకులో చుట్టి, మాధవి బందరు తెచ్చుకుంది. మర్నాడు మధ్యాహ్నం దుకాణంలో కూర్చుని దాన్ని మార్చింది. చాలా తేలిక. కొత్త బొమ్మ వచ్చేదాకా పాత బొమ్మనే తెర మీద ఉంచడం. నాలుగు వరసల్లో అయిపోయింది. తన తెలివికి తనే మురిసిపోయి, ఎదురు బల్ల మీద సోల్డరింగ్ చేసుకుంటున్న మొగుణ్ణి పిలిచి చూపించింది. గళ్ళు ఒక్కసారి కూడా మెరమెరలాడలేదు.

శ్రీహరి చూసి, ఒకవేళ కెమెరా అసలే ఆగిపోతే ఏమవుతుందని అడిగాడు.

"పాత బొమ్మే ఉంటుంది. పెద్దావిడ చూసే తెర నల్లబడకూడదు కదండీ. ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. అలాగే ఇదీ," అంది మాధవి.

ఆ పోలిక ఇద్దరికీ ఎంతో నచ్చింది. తమ బోర్డుకు మర్యాద నేర్పామనుకున్నారు. వీధి చివర బండి దగ్గర వేడివేడి బజ్జీలు తెచ్చుకుని, బోర్డు మీద నూనె పడకుండా చేతులు దూరంగా పెట్టుకుని తిన్నారు. మాధవికి ఆ మధ్యాహ్నం బాగా గుర్తుండిపోయింది. తర్వాత చాలా రోజులు దాన్ని తలుచుకున్నప్పుడల్లా చెవులు వేడెక్కేవి.

చిప్పు మళ్ళీ బిగించాక మాణిక్యమ్మకు టీవీ మీద నమ్మకం కుదిరింది. మూడు వారాల్లో అది ఆవిడకు కాళ్ళయింది. ఏ చెరువులో నీటికి గాలి అందించే ఏరియేటరు చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయో, ఎక్కడ పిట్టలు వాలుతున్నాయో మంచం మీంచే చెప్పేది. భూషణానికి కేకలు తగ్గాయి. అతనూ పాకలో కూర్చుని తన టీవీలో చూసుకుని, గట్టు చుట్టిరావడం రోజుకు నాలుగుసార్ల నుంచి రెండుకు తగ్గించాడు. పంటకు తొంభయ్యో రోజు దగ్గర పడింది. రొయ్య బాగా ఎదిగింది. సత్తిబాబు జవాబు కోసం ఆదివారం వస్తానని కబురు పెట్టాడు.

ఆ ముందు మంగళవారం శ్రీహరి, మాధవి మొదటి బస్సుకు బయల్దేరి మోపిదేవి వెళ్ళారు. సుబ్రహ్మణ్యేశ్వరుడికి పాలు పోయించి, ప్రసాదం తీసుకుని, నాగాయలంక చేరేసరికి ఎనిమిదిన్నర అయింది. ముందు రోజు నుంచీ పట్టిన మబ్బు అప్పుడే కాస్త పల్చబడుతోంది. గాలి లేక ఆకు కూడా కదలడం లేదు. మాధవి చెప్పులు చేతిలో పట్టుకుని తడి గట్టు మీద ఒట్టికాళ్ళతో నడుస్తూ, అరికాలికి మెత్తగా తగిలే ఉప్పుమట్టిని కూడా ఒక పండగలాగే అనుభవిస్తూ మాణిక్యమ్మ మంచం ఉన్న షెడ్డుకు చేరింది.

మాణిక్యమ్మ ప్రసాదం కళ్ళకద్దుకుని, కాఫీ పెట్టించి, టీవీ వైపు చూపించింది. ఒకటీ రెండూ నాలుగూ తేటగా ఉన్నాయి గాని, మూడో చెరువు మీద మాత్రం మబ్బు ఇంకా విడవలేదట.

గుమ్మం దగ్గర మేత బస్తా విప్పుతున్న భూషణం నవ్వాడు. "మబ్బు సంగతి తర్వాతండి అమ్మగారూ. ఆ గట్టు మీద కొంగ చూడండి. తెల్లారినకాణ్ణుంచీ ఒంటికాలి మీద జపం. దానంత భక్తి మీకూ లేదు, నాకూ లేదు."

మాణిక్యమ్మ కూడా నవ్వింది. తను పళ్ళు తోముకునేటప్పుడూ అక్కడే ఉందంది. మాధవి కాఫీ గ్లాసుతోనే టీవీ దగ్గరికి వెళ్ళింది. మూడో గడిలో కొంగ తెల్లగా, ముద్దుగా ఉంది. దాని వెనక ఏరియేటరు చిమ్మిన నీళ్ళు తెల్లటి పువ్వులా ఉన్నాయి. మిగిలిన గళ్ళలో ఆ పువ్వులు క్షణానికోసారి ఆకారం మార్చుకుంటున్నాయి. ఈ పువ్వు మారడం లేదు. ఒక్క చుక్క కింద పడడం లేదు. పైగా ఆ గడిలో ఉన్నది మబ్బు కాదు. తెల్లవారుజాము వెలుగు.

గ్లాసు ఎక్కడ పెట్టిందో మాధవికి గుర్తులేదు. "ఏవండీ, ఇది ఇప్పటిది కాదు," అంది.

శ్రీహరికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అప్పటికే భూషణం గట్టు మీద పరుగెత్తుతున్నాడు.

మూడో చెరువులో రెండు ఏరియేటర్లూ ఆగిపోయి ఉన్నాయి. మిగిలిన మూడు చెరువుల చప్పుడులో అది ఎవరికీ తెలియలేదు. గాలి లేని మబ్బు వేళ నీళ్ళలో ఊపిరి సరిపోక రొయ్యలు గట్టువారకు చేరి పైకి తేలాయి. మీసాలు నీటి పైన సన్నగా వణుకుతున్నాయి. నీళ్ళ అంచంతా గడ్డి మొలిచినట్టు ఉంది. కొంగ లేదు. ఎప్పుడు ఎగిరిపోయిందో ఏమో.

స్టార్టరు పెట్టెలో ఫ్యూజు పోయింది. షెడ్డుకు ఆ చెరువు దూరం కాబట్టి అక్కడి కెమెరాకూ శ్రీహరి అదే పెట్టె నుంచి కరెంటు ఇచ్చాడు. ఏరియేటర్లు ఆగిన క్షణమే కెమెరా కూడా ఆగింది. అది కన్ను మూసేముందు ఆఖరిసారి చూసిన బొమ్మనే రెండు టీవీలూ ఆరింటి నుంచి చూపిస్తూ వచ్చాయి.

శ్రీహరి కొత్త ఫ్యూజు తీగ చుట్టాడు. చక్రాలు తిరిగాయి. భూషణం డీజిల్ ఇంజను తిప్పి కాలవ నీళ్ళు పెట్టించాడు. మాధవి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నడుంలోతు నీళ్ళలో దిగి, వాళ్ళు చెప్పినట్టల్లా తట్టతో నీళ్ళు చిలికింది. పది దాటాక రొయ్యలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. దిగనివాటిని భూషణం ఏరి గట్టు మీద పెట్టాడు. నాలుగు బుట్టలయ్యాయి. ఇంకో గంట ఆగి ఉంటే చెరువే పోయేదని అతను తనలో తానన్నట్టు అన్నాడు.

తిరిగి షెడ్డుకు వస్తూ శ్రీహరి, ఫ్యూజు పోయిందని చెబుదామన్నాడు. అబద్ధం కాదు. ఫ్యూజు పోయిన మాట నిజమే. తను ఆ పెట్టె నుంచి కరెంటు ఇవ్వడం తప్పని కూడా ఒప్పుకుంటానన్నాడు. నాలుగు వరసల సంగతి ఆవిడకు చెప్పినా అర్థం కాదు, ఎందుకు కంగారుపెట్టడం అన్నాడు. తడిసిన చీర మాధవికి బరువుగా కాళ్ళకు చుట్టుకుంటోంది. తనను కాపాడాలనే అలా అంటున్నాడని ఆమెకు తెలుసు. యాభై రోజుల కిందటైతే ఆ మాటకు ఎంత పొంగిపోయేదో.

మాణిక్యమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. లేవబోయి లేవలేక మళ్ళీ కూర్చున్నట్టు దుప్పటి కిందికి జారి ఉంది. శ్రీహరి ఫ్యూజు గురించి చెప్పాడు. ఆవిడ విని తలూపింది.

"ఫ్యూజు ఒక్కటే కాదు అత్తయ్యగారూ," అంది మాధవి. "కెమెరా ఆరింటికే ఆగిపోయింది. అప్పుడు తెర నల్లబడాలి. నల్లబడకుండా పాత బొమ్మను అలాగే ఉంచమని నేనే రాశాను."

"ఎందుకు?"

"హారతి ఇచ్చేటప్పుడు నల్లబడితే మీరు బాధపడ్డారు. మీరు చీకటి చూడకూడదని."

మాణిక్యమ్మ టీవీ వైపు చూసింది. మూడో గడిలో ఇప్పుడు నీళ్ళు కదులుతున్నాయి.

"మా ఆయన బందర్లో పోయారు," అంది. "పొద్దున్నే పోయారు. కబురు తెచ్చినవాళ్ళు కాస్త నలతగా ఉంది, కంగారేం లేదన్నారు. ఆడమనిషి, ఒక్కతే ఉంది, తట్టుకోలేదని. నేను ఆయనకని అన్నం వండి, క్యారియరు కట్టుకుని, జడ వేసుకుని మరీ బస్సెక్కాను. దారంతా ఏం కూర తింటారోనని ఆలోచించాను." ఆవిడ గొంతు పెరగలేదు. "నా మంచికే చెప్పారు వాళ్ళు. నువ్వూ నా మంచికే చేశావు. ఇవాళ మళ్ళీ క్యారియరు పట్టుకుని కూర్చున్నాను నేను."

మాధవి ఏడవకూడదని గట్టిగా అనుకుంది. క్షమించమని అడగబోయింది గాని, అడిగితే అది కూడా ఆవిడ మీద ఇంకో బరువు వెయ్యడమే అనిపించి మానేసింది.

"ఆదివారం సత్తిబాబు వస్తాడు," అంది మాణిక్యమ్మ. "ఈలోపు దీన్ని మార్చగలిగితే మార్చు. మార్చలేకపోతే లేదని చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

చిప్పు మళ్ళీ చాక్లెట్టు రేకులోకి ఎక్కింది. అది లేని మూడు రోజులూ ఆవిడ ఊరికే కూర్చోలేదు. గట్లు కలిసే చోట కుర్చీ వేయించుకుని, భూషణం, అతని భార్య పున్నమ్మ చెరో రెక్కా పట్టుకుంటే వెళ్ళి కూర్చుందట. ఒక్క చెరువు సగం కనపడిందట, అంతే. సాయంత్రానికి కాళ్ళు కుండల్లా వాచాయి.

బందరు దుకాణంలో మాధవి ఆ నాలుగు వరసలను పూర్తిగా కొట్టెయ్యలేదు. కుదురుకునే సమయానికి పాత బొమ్మ చాలు. మూడు సెకన్లు దాటితే మాత్రం గడి నల్లబడాల్సిందే. బతికి ఉన్న ప్రతి గడిలోనూ మూలన సెకన్లు పరుగెత్తాలి. నల్లబడిన గడిలో ఏదో ఒకటి రాయాలి. ఇంగ్లీషు అక్షరాలు సిద్ధంగా ఉన్నాయి కదా, అవి పెడదామన్నాడు శ్రీహరి. ఆవిడ చదివేది తెలుగని మాధవి ఒప్పుకోలేదు. గళ్ళ కాగితం మీద పెన్సిలుతో ఒక్కొక్క గడీ నింపుతూ 'కనపడటం లేదు' అని గీసింది. 'ళ' లాంటి మెలికల అక్షరం లేదు కదా అని సంతోషించింది గాని 'ప'కే నాలుగుసార్లు చెరిపింది. తలకట్లు ఒకదానికొకటి అంటుకుంటుంటే శ్రీహరి వచ్చి పక్కన కూర్చుని, పెన్సిలు తీసుకుని, ఒక గడి ఎడం పెట్టాడు. ఆ ఎడంతో అక్షరాలు ఎంత చక్కగా విడివడ్డాయో చూసి ఆమెకు ఆ మూడు రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది. దాని కింద ఎన్ని నిమిషాల నుంచి కనపడటం లేదో అంకె. కెమెరాలన్నిటికీ కరెంటు ఏరియేటర్ల నుంచి కాకుండా షెడ్డులో పెట్టిన బ్యాటరీ నుంచి ఇచ్చేలా శ్రీహరి కొత్త తీగలు కొన్నాడు.

"తీగ తెగదని మాత్రం చెప్పలేం," అన్నాడు.

"తెగితే తెలుస్తుంది. అంతవరకు చెప్పగలం," అంది మాధవి.

శుక్రవారం వెళ్ళి బిగించి, ఆవిడ ఎదురుగా ఒక్కొక్క తీగా పీకి చూపించారు. ఒక్కొక్క గడీ నల్లబడి అక్షరాలు వచ్చినప్పుడల్లా మాణిక్యమ్మ వాటిని పైకి చదివింది. నాలుగోసారి చదివాక టీవీ కాస్త దగ్గరికి జరపమంది.

ఆదివారం సత్తిబాబు పదకొండింటికి వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో అరటిపళ్ళు. శ్రీహరి, మాధవి కూడా ఉన్నారు. ఉండమని ఆవిడ పిలవలేదు. వెళ్ళమనీ అనలేదు. సత్తిబాబు మోకాళ్ళ గురించి అడిగి, తనకు తెలిసిన ఆయుర్వేదం చెప్పి, నెమ్మదిగా కౌలు మాటెత్తాడు. మంగళవారం సంగతి అతనికి తెలిసిపోయింది. అయినా ఎత్తిపొడవలేదు. పెద్దవారు, ఈ వయసులో ఈ యాతన మీకెందుకు పిన్నిగారూ, మా చెరువులతో పాటే చూసుకుంటాం అన్నాడు. మాణిక్యమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ వింటోంది.

అప్పుడు రెండో గడి నల్లబడింది.

ఎవరూ తీగ పీకలేదు. శ్రీహరి లేవబోతుంటే మాణిక్యమ్మ చెయ్యి చిన్నగా ఎత్తి ఆపింది. నల్లటి గడిలో మాధవి గీసిన అక్షరాలు వచ్చాయి. సత్తిబాబు వాటిని చదివి, అయ్యో, పాడైందాండీ అన్నాడు.

"పాడైతే పాడైందని చెబుతుంది బాబూ. ఇప్పుడు చెబుతోంది," అంది మాణిక్యమ్మ.

భూషణాన్ని కేకేద్దామని గుమ్మం వైపు తిరిగింది. ఇంతలో మొదటి గడిలో ఓ మూల నుంచి భూషణం కనిపించాడు. లుంగీ ఎగ్గట్టి, భుజాన తీగచుట్టతో, రెండో చెరువు వైపు పెద్దపెద్ద అంగలేస్తున్నాడు. పాకలో తన టీవీ చూసి అప్పుడే బయల్దేరాడన్నమాట. మాణిక్యమ్మ అతను ఆ గడి దాటిపోయేదాకా చూసింది. అంకె ఒకటి నుంచి రెండయింది.

"ఈ పంట నేను పట్టుకుంటాను," అంది సత్తిబాబుతో. "వచ్చే పంటకీ రొయ్యపిల్ల నేనే వేస్తాను. అక్కర్లేదనుకున్న రోజున ముందు నీకే చెబుతాను. అరటిపళ్ళు మాత్రం ఉంచి వెళ్ళు."

సత్తిబాబు నవ్వి, ఇంకాసేపు కూర్చున్నాడు. పెళ్ళెప్పుడైందని శ్రీహరిని అడిగాడు. ఆ బోర్డులాంటిది తన చెరువులకూ పనికొస్తుందా అని, అడిగీ అడగనట్టు అడిగాడు. మాధవికి ఆ మాటలు సగమే వినపడ్డాయి. ఆమె రెండో గడినే చూస్తోంది. అంకె నాలుగయింది. అయిదయింది.

ఉన్నట్టుండి గడి వెలిగింది. చెరువు లేదు, గట్టు లేదు. గడి నిండా భూషణం ముక్కు, దాని పైన చిట్లించిన ఒక కన్ను. తీగ కుదిరిందో లేదో తెలియక కెమెరా అద్దంలోకి తొంగి చూస్తున్నాడు. మూలన సెకన్లు పరుగెత్తుతున్నాయి.

"కనపడుతున్నావురా, ఇక జరుగు," అంది మాణిక్యమ్మ, అతనికి వినపడదని తెలిసి కూడా.